గొప్ప పిస్తోలు ఏది? దాని సంతానాన్ని చూడాలి

అలహాబాద్ మ్యూజియంలో ఒక చిన్న పిస్తోలు ఉంది. 1931 ఫిబ్రవరి 27న ఆల్ఫ్రెడ్ పార్కులో పోలీసులు చుట్టుముట్టినప్పుడు చంద్రశేఖర్ ఆజాద్ చేతిలో ఉన్నది ఇదే. అమెరికా కోల్ట్ కంపెనీ 1903 మోడల్, .32 బోరు (బోరు అంటే గొట్టం లోపలి వెడల్పు, అంగుళాల్లో). పంజాబ్ సరిహద్దులో హుసేనీవాలా దగ్గర బీఎస్ఎఫ్ మ్యూజియానికి వెళ్తే, 1928లో లాహోర్‌లో బ్రిటిష్ పోలీసు అధికారి సాండర్స్ మీద భగత్ సింగ్ పేల్చిన పిస్తోలు కనిపిస్తుంది. అదీ .32 కోల్ట్ ఆటోమేటిక్కే. అక్కడెక్కడో వియన్నా సైనిక మ్యూజియంలో ఇంకొకటి ఉంది. 1914 జూన్ 28న సారాయెవోలో గావ్రిలో ప్రిన్సిప్ ఆస్ట్రియా యువరాజును కాల్చి మొదటి ప్రపంచ యుద్ధానికి నిప్పు పెట్టిన పిస్తోలు అది. బెల్జియం ఎఫ్ఎన్ కంపెనీ 1910 మోడల్.

కంపెనీలు వేరు, దేశాలు వేరు. మూడింటినీ గీసిన చెయ్యి మాత్రం ఒక్కటే. ఆయన జాన్ మోజెస్ బ్రౌనింగ్. 1855లో అమెరికాలోని ఊటా ప్రాంతంలో, ఆగ్డెన్ అనే ఊళ్లో, తుపాకులు చేసే ఇంట పుట్టాడు.

అలాగని చరిత్రను మలుపు తిప్పిన ప్రతి పిస్తోలూ గొప్ప డిజైన్ అనుకుంటే పొరపాటు. 1948 జనవరి 30న గాంధీజీని బలిగొన్నది ఇటలీ బెరెట్టా 1934. గట్టిది, చేయడానికి సులువైనది. అంతకుమించి దాని లోపల చెప్పుకోవాల్సిన తెలివి పెద్దగా లేదు. ప్రసిద్ధి వేరు, పనితనం వేరు.

పిస్తోళ్లలో గొప్పది ఏదన్న వాదన తెమలకపోవడానికి కారణం కూడా ఇదే. ఒక్కొక్కరు ఒక్కో తక్కెడ పట్టుకొచ్చి కూర్చుంటారు. గురి తప్పకపోవడమే కొలత అయితే యుద్ధాల్లో వాడిన పిస్తోళ్లన్నీ పక్కకు జరగాలి. 25 మీటర్ల పిస్తోలు పోటీల్లో హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ లాంటి షూటర్లు పట్టుకునే .22 పిస్తోలు ముందు అవేవీ నిలవవు. కానీ ఆ పోటీ పిస్తోలును బురదలో ముంచి తీసి పేల్చమంటే అది మొరాయిస్తుంది. అందం కొలత అయితే జర్మనీ లూగర్‌కు సాటి లేదు. అమ్ముడైన సంఖ్య కొలత అయితే చౌక సరుకు కూడా పోటీకొస్తుంది.

ఇక్కడ పట్టుకున్న కొలత వేరు. ఒక డిజైన్ వచ్చాక, తర్వాతివాళ్లు దాన్ని కాపీ కొట్టకుండా పని జరుపుకోగలిగారా? జరుపుకోగలిగితే అది ఎంత ముచ్చటైనదైనా ముచ్చట దగ్గరే ఆగిపోయినట్టు. జరుపుకోలేకపోతే అది గొప్పది.

ముందు ఒక చిన్న సవరణ. మన పత్రికల్లో ఒకే వార్తలో మొదటి పేరాలో రివాల్వర్, మూడో పేరాలో పిస్తోలు, చివర్లో తపంచా అని వస్తుంటుంది. మూడూ ఒకటి కావు. రివాల్వర్‌లో తూటాలు గుండ్రటి సిలిండర్‌లో కూర్చుంటాయి, ఒక్కో గుండుకూ సిలిండర్ ఒక్కో గది చొప్పున తిరుగుతుంది. పిస్తోలులో తూటాలు పిడిలోని మ్యాగజైన్‌లో ఒకదాని మీద ఒకటి ఉంటాయి, పేలిన తూటా బలమే తర్వాతి తూటాను పైకి తెస్తుంది. తపంచా అంటే దొంగచాటుగా చేసిన నాటు సరుకు. దానికి ఈ చర్చలో చోటు లేదు.

పేటెంట్ల పుణ్యం

రివాల్వర్ అనగానే అందరికీ గుర్తొచ్చేది కోల్ట్. 1836లో శామ్యూల్ కోల్ట్ తీసుకున్న అమెరికా పేటెంటుతోనే రివాల్వర్ వ్యాపారం మొదలైంది. హ్యామర్‌ను, అంటే తూటాను కొట్టి పేల్చే చిన్న సుత్తిని, బొటనవేలితో వెనక్కి లాగితే సిలిండర్ తనంతట తాను తిరుగుతుంది. కీలకమైన సంగతి అంతే. అయితే నింపడం పెద్ద తలనొప్పి. ఒక్కో గదిలో ముందు వైపు నుంచి మందు పోసి, గుండు దట్టించి, వెనక నిప్పు రాజేసే క్యాప్ తొడగాలి.

ఈ తలనొప్పికి మందు 1855లోనే దొరికింది. సిలిండర్ గదులను ఈ చివర నుంచి ఆ చివరకు తొలిస్తే లోహపు తూటాను వెనక నుంచి దూర్చేయొచ్చని రోలిన్ వైట్ అనే ఆయన పేటెంటు తీసుకున్నాడు. స్మిత్ అండ్ వెసన్ తుపాకీకి 25 సెంట్ల చొప్పున రాయల్టీ ఇచ్చే షరతు మీద దాన్ని పట్టేసింది. 1857లో కోల్ట్ పేటెంటు గడువు తీరగానే తన మొదటి మోడల్ బయటికి తెచ్చింది. ఇక కోల్ట్ చేతులు కట్టేసినట్టే. అమెరికా అంతర్యుద్ధం మొత్తం కోల్ట్ కంపెనీ పాత పద్ధతి రివాల్వర్లే అమ్ముకుంది. 1869లో వైట్ పేటెంటు గడువు ముగిశాకే 1873 నాటి సింగిల్ యాక్షన్ ఆర్మీ రావడానికి దారి దొరికింది. కౌబాయ్ సినిమాల్లో నడుముకు వేలాడే రివాల్వర్ అదే.

నిజం చెప్పాలంటే ఆ 1873 కోల్ట్ పుట్టేనాటికే కాస్త పాతబడింది. పక్కనున్న చిన్న తలుపు తెరిచి ఒక్కో ఖాళీ తూటానూ పుల్లతో పొడిచి బయటికి తోయాలి, మళ్లీ ఒక్కొక్కటే నింపాలి. అప్పటికే స్మిత్ అండ్ వెసన్ వాళ్ల పెద్ద రివాల్వర్‌ను నడుము దగ్గరి కీలు మీద విరిచి తెరిస్తే ఖాళీలన్నీ ఒక్కసారే ఎగిరిపడేవి. కోల్ట్ పట్టుకుంటే చేతిలో చక్కగా ఒదుగుతుంది, అంత సులువుగా చెడిపోదు. ఆ పేరు దానికి న్యాయంగానే దక్కింది. కానీ నకళ్లు తప్ప దానికి సంతానం లేదు.

సంతానం ఉన్నది 1899 నాటి స్మిత్ అండ్ వెసన్ మిలిటరీ అండ్ పోలీసుకు. తర్వాత దీన్నే మోడల్ 10 అన్నారు. గొళ్లెం నొక్కితే సిలిండర్ ఎడమ పక్కకు వాలుతుంది, ముందున్న కడ్డీని అరచేత్తో నొక్కితే ఆరు ఖాళీలూ కింద పడతాయి, చట్రం మాత్రం ఎక్కడా విరగదు. పక్కకు వాలే సిలిండర్‌ను 1889లో కోల్టే ముందు తెచ్చింది. దాన్ని కుదురుగా నిలబెట్టింది మాత్రం స్మిత్ అండ్ వెసన్. 60 లక్షలకు పైగా తయారయ్యాయి. ఇప్పుడు ప్రపంచంలో ఎక్కడ కొత్త రివాల్వర్ కొన్నా దాదాపు ఈ ఒరవడే.

దాదాపు అనడానికి కారణం మన దేశమే. బ్రిటిష్ సైన్యం 1887లో తీసుకున్న వెబ్లీ నడుము విరిగే రకం. బ్రిటిష్ అధికారులతో పాటు ఇక్కడికి వచ్చింది, వాళ్లు వెళ్లాక కూడా ఉండిపోయింది. సైన్యం, పోలీసులు వాడే 9 ఎంఎం, .38 బోర్లు మామూలు పౌరులకు నిషిద్ధం కాబట్టి ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ అదే వెబ్లీ పద్ధతిని .32 బోరుకు తగ్గించి లైసెన్సుదారులకు అమ్ముతూ వచ్చింది. 2014లో కాన్పూర్ ఫీల్డ్ గన్ ఫ్యాక్టరీ మహిళల కోసమంటూ తెచ్చిన ‘నిర్భీక్’ కూడా ఆ ఇంటి బిడ్డే. టైటానియం మిశ్రమంతో అరకిలో బరువుకు దించారంతే. ప్రపంచం అటకెక్కించిన యంత్రం మన లైసెన్సుదారుల బీరువాల్లో హాయిగా బతుకుతోంది. దాన్ని గొప్పతనం అనాలా, చట్టం కాపాడిన అలవాటు అనాలా అంటే రెండోదానికే మొగ్గు.

అందగాడు

లూగర్ కథ వేరు. 1893లో హ్యూగో బోర్షార్డ్ చేసిన పెద్ద మొద్దు పిస్తోలును గియోర్గ్ లూగర్ చెక్కి చెక్కి సన్నబరిచాడు. 1900లో స్విట్జర్లాండ్, 1904లో జర్మన్ నౌకాదళం, 1908లో జర్మన్ సైన్యం తీసుకున్నాయి. దాని వెనక భాగంలో మనిషి మోకాలి లాంటి కీలు ఉంటుంది. తూటా పేలే క్షణంలో ఆ మోకాలు నిటారుగా చాచి ఉంటుంది కాబట్టి ఎంత బలం తోసినా వంగదు. గొట్టంతో కలిసి కాస్త వెనక్కి జరిగాక చట్రం మీది వాలుకు తగిలి పైకి మడుచుకుంటుంది, ఖాళీ తూటా బయటపడుతుంది. పేలుతుంటే చూడాల్సిన యంత్రం. పిడి వాలు కూడా వేలు చూపినట్టు సహజంగా ఉంటుంది.

చిక్కంతా ఆ మోకాలితోనే. తూటాలో మందు కాస్త తగ్గితే పూర్తిగా మడవదు. మట్టి పడితే అలుగుతుంది. ఒక్కో భాగాన్నీ పనివాడు ఆకురాయితో రాసి అమర్చాలి. ఒక లూగర్ భాగం ఇంకో లూగర్‌లో సరిగ్గా కూర్చుంటుందన్న నమ్మకం లేక చిన్న చిన్న భాగాల మీద కూడా అంకెలు కొట్టేవారు. 1938లో జర్మన్ సైన్యమే చౌకగా చేయగల వాల్తర్ పీ38కి మారింది. ఆ మోకాలి కీలును నెత్తిన పెట్టుకున్న సైనిక పిస్తోలు తర్వాత రాలేదు.

లూగర్ మిగిల్చి పోయింది ఇంకొకటి. దాని కోసమే 1902లో తయారైన 9 ఎంఎం పారాబెల్లమ్ తూటా. నాటో ప్రమాణం అదే, మన పోలీసు అధికారి నడుముకున్న పిస్తోలులోనిదీ అదే. ఇల్లు పాడుబడింది గానీ ఆ ఇంటి బావి నీళ్లు ఊరంతా తాగుతోంది.

గొట్టం వాలడంలో ఉన్న గుట్టు

అసలు విషయానికి వస్తే, పిస్తోలు డిజైన్ అంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. తూటా పేలగానే వాయువు గుండును ముందుకు, ఖాళీ తూటాను వెనక్కి ఒకే బలంతో తోస్తుంది. గుండు గొట్టం దాటకముందే వెనక తలుపు తెరుచుకుంటే ప్రమాదం. ఆజాద్ పిస్తోలు లాంటి చిన్న బోరులో స్లైడ్, అంటే పైన ముందుకూ వెనక్కీ జారే ఉక్కు భాగం, దాని బరువు, స్ప్రింగు బిగువే తలుపును ఆ కాసేపు ఆపుతాయి. బోరు పెరిగితే అవి చాలవు. స్లైడ్‌ను, గొట్టాన్ని కొద్ది క్షణాలు తాళం వేసి, సమయానికి తాళం తీయాలి. ఈ తాళం ఎలా?

బ్రౌనింగ్ జవాబు వినడానికి మరీ తేలిక. గొట్టం పైన రెండు గట్లు, స్లైడ్ లోపలి కప్పులో వాటికి సరిపడే గాళ్లు. గొట్టం అడుగున వెనక వైపు ఊగే చిన్న లింకు, దాని రెండో చివర చట్రానికి కట్టేసి ఉంటుంది. తూటా పేలగానే గట్లు గాళ్లలో ఇరుక్కుని ఉన్నాయి కాబట్టి గొట్టం, స్లైడ్ జంటగా వెనక్కి కదులుతాయి. కొన్ని మిల్లీమీటర్లు జరిగేసరికి గుండు వెళ్లిపోయింది. అప్పటికి లింకు గొట్టం వెనక భాగాన్ని కిందికి లాగుతుంది. గట్లు ఊడతాయి. గొట్టం ఆగిపోతుంది, స్లైడ్ ఒంటరిగా వెనక్కి పరిగెత్తి ఖాళీని విసిరేసి, హ్యామర్‌ను వాల్చి, స్ప్రింగు తోస్తే తిరిగొచ్చేటప్పుడు కొత్త తూటాను ఎత్తుకొస్తుంది. వేలు వదిలి మళ్లీ నొక్కేలోపు ఇదంతా అయిపోతుంది.

మొదట ఆయన గొట్టం ముందూ వెనకా రెండు లింకులు పెట్టాడు. తర్వాత ముందుది తీసేశాడు. తీసేయడమే మెరుగు అని తెలుసుకోవడానికి ఆయనకు సుమారు పదేళ్లు పట్టింది.

ఈ పదేళ్ల వెనక ఫిలిప్పీన్స్ ఉంది. అక్కడ మోరో యోధుల మీద .38 రివాల్వర్ గుండ్లు పనిచేయడం లేదని అమెరికా సైన్యం గగ్గోలు పెట్టింది. 1904లో థామ్సన్, లగార్డ్ అనే ఇద్దరు అధికారులు జరిపిన పరీక్షల తర్వాత .45 కంటే తక్కువ వద్దని తేల్చారు. 1911 మార్చిలో తుది పోటీ. బరిలో కోల్ట్ తరఫున బ్రౌనింగ్ పిస్తోలు, ఎదురుగా సావేజ్ కంపెనీ పిస్తోలు. ఒక్కోదానితో 6,000 రౌండ్లు పేల్చారు. కాలిపోతుంటే నీళ్లలో ముంచి మళ్లీ పేల్చారు. సావేజ్ 37 సార్లు మొరాయించింది. బ్రౌనింగ్‌ది ఒక్కసారీ మొరాయించలేదు. మార్చి 29న సైన్యం దాన్ని తీసుకుంది. ఎం1911 అని పేరు పెట్టింది, 1985 దాకా దించలేదు.

దీని మీద ఫిర్యాదులూ తక్కువ కాదు. మ్యాగజైన్‌లో ఏడే తూటాలు. బరువు కిలో దాటుతుంది. హ్యామర్ లాగి సేఫ్టీ (పేలకుండా ఆపే మీట) పెట్టుకుని తిరగడం చాలా పోలీసు శాఖలకు గుండె దడ. ఇవన్నీ నిజమే. అయినా సైన్యంలోంచి పోయాక కూడా డజన్ల కొద్దీ కంపెనీలు దీన్ని అచ్చుగుద్దినట్టు చేస్తూనే ఉన్నాయి.

తర్వాతి అంకంలో మళ్లీ పేటెంటు గొడవే. ఎక్కువ తూటాలు పట్టే పిస్తోలు కావాలని 1920ల మొదట్లో ఫ్రాన్స్ అడిగింది. ఎఫ్ఎన్ బ్రౌనింగ్ దగ్గరికే వెళ్లింది. చిక్కేమిటంటే 1911 హక్కులన్నీ ఆయన కోల్ట్‌కు అమ్మేశాడు. తన బుర్రలో పుట్టిన ఆలోచనలకే దొరక్కుండా తప్పించుకుంటూ కొత్త పిస్తోలు గీయాల్సి వచ్చింది. ఆ పని సగంలో ఉండగా 1926 నవంబరు 26న బెల్జియంలోని లీజ్‌లో, ఎఫ్ఎన్ ఫ్యాక్టరీలోనే, గుండె ఆగి పోయాడు. 1928లో కోల్ట్ పేటెంట్లు తీరిపోయాయి. ఎఫ్ఎన్ ఇంజినీర్ డ్యూడోనే సైవ్ గురువు పాత ఆలోచనల్లో కావలసినవి వెనక్కి తెచ్చుకున్నాడు. తూటాలను రెండు వరుసల్లో అటూ ఇటూ పేర్చే మ్యాగజైన్ మాత్రం సైవ్ సొంత సొత్తు. ఊగే లింకు స్థానంలో గొట్టం అడుగునే వాలు గాడి వచ్చింది. ఒక కదిలే భాగం తగ్గింది. 1935లో బయటికొచ్చిన హై పవర్‌లో 13 తూటాలు పట్టేవి.

రెండో ప్రపంచ యుద్ధంలో ఇది రెండు పక్షాల నడుముకూ ఎక్కింది. బెల్జియం ఫ్యాక్టరీని ఆక్రమించిన జర్మన్లు తమ సైన్యానికి మూడు లక్షలకు పైగా చేయించుకున్నారు. డ్రాయింగులు అందుకున్న కెనడాలో, టొరంటోలోని ఇంగ్లిస్ కంపెనీ మిత్రపక్షాలకు చేసింది. ఇంగ్లిస్ అంతకుముందు చేసినవి బాయిలర్లు, యంత్రాలు. ఆ ఇంగ్లిస్ నమూనానే బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీకి చేరి ‘పిస్టల్ ఆటో 9 ఎంఎం 1ఎ’ అయింది. మన సైనికాధికారులు, పోలీసు అధికారులు దశాబ్దాలుగా మోసింది, ఇంకా చాలాచోట్ల మోస్తున్నది ఆ పిస్తోలునే. ఎవరూ దాన్ని బ్రౌనింగ్ అనరు. నైన్ ఎంఎం అంటారు.

ఎదురు నిలిచినవి లేవా అంటే ఉన్నాయి. పీ38లో గొట్టం వాలదు. దాని కింద ఒక చిన్న దిమ్మ కిందికి దిగి తాళం తీస్తుంది. ట్రిగ్గర్ ఒక్క లాగుతో హ్యామర్ లేచి పడే ఏర్పాటును కూడా సైనిక పిస్తోలులో అదే స్థిరపరిచింది. ఆ దిమ్మను బెరెట్టా 92 అందిపుచ్చుకుంది. 1985లో ఎం1911ను దించి అమెరికా సైన్యంలో కూర్చున్నది ఆ బెరెట్టానే. ముప్ఫై ఏళ్లు చూసి, 2017లో అమెరికా సిగ్ పీ320 ఎంచుకుంది. అందులో గొట్టం వాలుతుంది. అంటే మళ్లీ పాత ఇంటికే.

చెకోస్లోవేకియా సీజెడ్ 75 ప్రస్తావన లేకుండా ఈ చర్చ ఎక్కడా సాగదు. కౌట్స్కీ సోదరుల పని అది. స్లైడ్ చట్రం బయట కాకుండా లోపల జారుతుంది కాబట్టి పిస్తోలు చేతికి బాగా దగ్గరగా కూర్చుంటుంది. దాని పేటెంట్లను కమ్యూనిస్టు ప్రభుత్వం రహస్యంగా ఉంచింది. రహస్య పేటెంటు బయటి దేశంలో చెల్లదు. ఇటలీ, స్విట్జర్లాండ్, టర్కీ, ఇజ్రాయెల్ కంపెనీలు తలా ఒకటి చేసుకున్నాయి. దాచిపెట్టడం వల్ల ఊరూరా పంచినట్టయింది. దాని లోపల తాళం ఏమిటంటే, వాలు గాడి మీద వాలే గొట్టమే.

గ్లాక్‌ను ఎక్కడ కూర్చోబెట్టాలి

ఇక గ్లాక్. గాస్టన్ గ్లాక్ తుపాకుల మనిషి కాదు. వియన్నా పక్కన డాయిచ్-వాగ్రామ్‌లో కర్టెన్ కడ్డీలు, సైన్యానికి కత్తులు, పారలు చేసేవాడు. ఆస్ట్రియా సైన్యం కొత్త పిస్తోలు కోసం చూస్తోందని విని, తెలిసినవాళ్లందరినీ కూర్చోబెట్టి ఏం కావాలో అడిగి, 1982కల్లా ఆ కాంట్రాక్టు గెలుచుకున్నాడు. చట్రం పాలిమర్. పదిహేడు తూటాలు. మొత్తం భాగాలు 34. ఖాళీ బరువు ఎం1911లో అరవై శాతం కూడా ఉండదు. పాలిమర్ చట్రం ఆయన కంటే ముందే, 1970లో జర్మనీ హెక్లర్ అండ్ కాక్ వాళ్ల వీపీ70లో వచ్చింది. కానీ దాన్ని చూసి ఎవరూ తమ ఫ్యాక్టరీలు మార్చుకోలేదు. గ్లాక్‌ను చూసి అందరూ మార్చుకున్నారు.

1980ల్లో అమెరికాలో ఇది ఎక్స్‌రేకు దొరకని ప్లాస్టిక్ తుపాకీ అని పెద్ద గోల జరిగింది. స్లైడ్, గొట్టం, స్ప్రింగులు అన్నీ ఉక్కే. దొరక్కపోవడమన్నది వట్టి మాట. అసలు అభ్యంతరం వేరే చోట ఉంది. దీనికి బొటనవేలితో వేసే సేఫ్టీ లేదు. ట్రిగ్గర్ మధ్యలో ఇంకో చిన్న ట్రిగ్గర్ ఉంటుంది. వేలు దాన్ని నిండుగా నొక్కితేనే లోపలి అడ్డులు తొలగుతాయి, కింద పడితే పేలదు. వేలు ట్రిగ్గర్ మీద ఉంటే మాత్రం అడ్డుకునేది ఏదీ లేదు. పైగా విప్పి శుభ్రం చేయాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాలి. లోపల తూటా ఉందో లేదో చూసుకోకుండా నొక్కినవాళ్లకు చేదు అనుభవాలున్నాయి. మనిషి తప్పును కాచుకోవడం యంత్రం పనా కాదా అన్నది ఇక్కడ తెగని వాదన. తప్పు చేసే చోట ట్రిగ్గర్‌ను పెట్టడం మాత్రం డిజైన్ లోపమే అనుకోవాలి.

అయినా సంతానం లెక్కలో గ్లాక్ రెండో స్థానానికి తక్కువ కాదు. 1990ల తర్వాత వచ్చిన పోలీసు పిస్తోళ్లలో ఎక్కువ భాగం పాలిమర్ చట్రం, హ్యామర్ బదులు స్ట్రైకర్ (స్ప్రింగు బలంతో దూసుకెళ్లి తూటాను పొడిచే సూది), ఎక్కువ తూటాలు పట్టే మ్యాగజైన్. మూడో స్థానం మోడల్ 10 రివాల్వర్‌ది. లూగర్ అభిమానులకు కోపం వస్తే రావచ్చు గానీ, దానికి తూటా ఖాతాలో తప్ప చోటు లేదు.

మొదటి స్థానం దగ్గర పేచీ ఎం1911కా, హై పవర్‌కా అన్నది. వాలు గాడి, రెండు వరుసల మ్యాగజైన్ చూస్తే ఇప్పటి పిస్తోలు పోలిక హై పవర్‌దే. కానీ తాళం తాత ఎం1911 దగ్గరిది. ఎం1911ను, గ్లాక్ 17ను విప్పి రెండు గొట్టాలూ బల్ల మీద పక్కపక్కన పెడితే కొత్తవాడికీ తెలుస్తుంది. మొదటిదాని పైన రెండు గట్లు, రెండోదాని పైన నలుచదరపు దిమ్మ ఒకటి, అది ఖాళీ తూటా బయటికొచ్చే కిటికీలోనే ఇరుక్కుంటుంది. మొదటిదాని అడుగున ఊగే లింకు, రెండోదాని అడుగున వాలు కోత. నడుమ డెబ్బై ఏళ్లు. రెండూ గొట్టం వెనక భాగాన్ని కిందికి దించి తాళం తీస్తాయి.